బండి పాతదైనను బ్రేకు పాతది కారాదు

(ఒక వ్యవసాయాధికారి, బి.యస్సి., అగ్రికల్చరు)



విత్తనములను గూర్చి, ఎరువులను గూర్చి వ్రాయవలసిన వాడు బ్రేకులను గూర్చి వ్రాయుచున్నాడేమని మీకు వింతగా తోచవచ్చును. కాని పండించిన పంట ఎంత ముఖ్యమో, దానిని అమ్మి వచ్చిన మనిషి క్షేమముగా ఇల్లు చేరుట అంతకన్న ముఖ్యము. నేను పనిచేయు ప్రాంతములో ఈ రెండవ సంగతిని గూర్చి మనము తగినంత ఆలోచించుట లేదు. కావుననే ఈ నాలుగు మాటలు.

హైదరాబాదు నగరమునకు పడమట నున్న మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అనునవి మన పెద్దలకు పల్లెటూళ్లుగానే తెలియును. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన తరువాత ఆ పల్లెలు హైటెక్ సిటీగా, సైబరాబాదుగా మారిపోయినవి. రోడ్లు వెడల్పైనవి, బండ్ల వేగము పెరిగినది. మారనిది ఒక్కటే. ఆ రోడ్ల మీదనే నేటికిని మన పాత ట్రాక్టర్లు నీళ్ల ట్యాంకులను లాగుచున్నవి. చేవెళ్ల, మొయినాబాదు, శంకరపల్లి వైపుల నుండి కూరగాయలు, పూలు, నర్సరీ మొక్కలు ఆ దారినే వచ్చుచున్నవి. తండ్రులనాటి జీపులు, అంబాసిడర్లు ఆ కార్ల వరుసలలోనే నడుచుచున్నవి. ఇక కంప్యూటరు ఉద్యోగము చేయు యువకులు కూడ ముచ్చటపడి పాత జీపులు కొని, ఆదివారమునాడు తోటలకు వచ్చుచున్నారు. నలభై ఏండ్ల క్రిందటి బ్రేకు, ఈనాటి రోడ్డు: ఈ రెండింటికి పొత్తు కుదురునా అనునదే ప్రశ్న.

రెండు వాదములు

పాత బండి గలవారిలో రెండు తెగలు కలవు. "ఇనుము గట్టిది. ఆ కాలపు సరకు ఈ కాలములో దొరకదు. అతుకు వేసి, రుద్ది, సరిచేసి నడిపించుటయే మేలు" అని కొందరు అందురు. "పాతది ఏదైనను తీసి పారవేయుడు. అంతయు కొత్తది వేయుడు" అని మరికొందరు అందురు. మొదటివారిది పొదుపు, రెండవవారిది భయము. రెండింటిలోను కొంత నిజమున్నది, రెండింటిలోను ప్రమాదమున్నది. నేను మొదట మొదటి తెగవాడనే. ఎందువలన మారితినో చెప్పెదను.

నా అనుభవము

మా నాన్నగారు 1986లో ఒక తెల్ల అంబాసిడరు కారు కొనినారు. ఆయన పోయిన తరువాత ఆ కారు నాకు వచ్చినది. దానిలో ఏ చిన్న మరయు మార్చరాదని నాకు పట్టుదల. ఒకసారి వెనుక ఎడమ చక్రము దగ్గర బ్రేకు ఆయిలు చెమ్మ కనబడినది. మా ఊరి దగ్గరి మెకానిక్కు విప్పి చూచి, "సార్, వీల్ సిలిండరు లోపల గుంటలు పడ్డయ్. కొత్తది ఏస్కుందాం" అన్నాడు. నేను వినలేదు. "నాన్నగారి నాటిది, ఎమరీ పేపరుతో రుద్ది కొత్త రబ్బరు వేయుము, చాలును" అంటిని. అతడు అట్లే చేసినాడు. నెల రోజులు చెమ్మ కనబడలేదు. నేను నెగ్గితినని సంతోషించితిని.

ఆ వర్షాకాలములో మా అమ్మగారిని జూబిలీ హిల్స్‌లో వైద్యునికి చూపించి తిరిగి వచ్చుచుంటిని. దుర్గం చెరువు తీగల వంతెన దాటి మాదాపూరు వైపు వచ్చునప్పటికి ఎదుట సిగ్నలు వద్ద బండ్లు ఆగినవి. బ్రేకు త్రొక్కితిని. పెడలు మెత్తగా నేలకు దిగిపోయినది. మరల త్రొక్కితిని, మరల దిగినది. నా ముందు ఒక కుర్రవాడు స్కూటరు మీద, వీపున అన్నపు పొట్లముల సంచితో నిలిచియున్నాడు. గేరు తగ్గించి, చేతి బ్రేకు గుంజి, కారును ప్రక్కనున్న గట్టునకు రాచితిని. స్కూటరునకు మూరెడు దూరములో కారు ఆగినది. ఆ కుర్రవాడు వెనుకకు తిరిగి కూడ చూడలేదు. సిగ్నలు మారగానే వెళ్లిపోయినాడు. ఎంత గండము తప్పినదో అతనికి తెలియదు, నాకు తెలియును.

విప్పి చూడగా ఆ గుంటల అంచులు కొత్త రబ్బరును కోసినవి. ఆయిలు కారిపోయినది. ఆ కారులో నాలుగు చక్రములకు ఒకటే ఆయిలు దారి. ఒక్క చోట కారినచో నాలుగింటి బలము పోవును. చేతి బ్రేకు తీగతో పనిచేయునది గనుక అది మాత్రము మిగిలినది. మెకానిక్కును నిందించుటకు వీలులేదు. అతడు సరిగానే చెప్పినాడు. కొన్ని వందల రూపాయల వస్తువునకు, నాన్నగారి జ్ఞాపకమునకు ముడిపెట్టి, ఒక పరాయి బిడ్డ ప్రాణమును పందెమొడ్డినది నేను.

విత్తనమునుండి ఒక పాఠము

మన వృత్తిలోనే దీనికి సమాధానమున్నది. సూటి రకము వరి విత్తనమును మీరు ఏరి, ఎండబెట్టి, మొలక శాతము చూచి మరుసటి ఏడు చల్లుకొనవచ్చును. అందులో తప్పులేదు, తెలివి ఉన్నది. కాని సంకర మొక్కజొన్న గింజను దాచి విత్తినచో ఏమగునో మీకు తెలియును. అది చూచుటకు గింజ వలెనే ఉండును, పంట మాత్రము ఉండదు. కావున "దాచుకొనుట మంచిదా, కొనుట మంచిదా" అని ఎవరైన అడిగినచో మనము "ఏ విత్తనము?" అని ఎదురు అడుగుదుము. బండి భాగములకును ఇదే న్యాయము. "బాగుచేయుటా, మార్చుటా" అని కాదు, "ఏ భాగము?" అని అడుగవలెను.

ప్రతి భాగమును గూర్చి మూడు ప్రశ్నలు వేసికొనుడు.

1. ఇది విరిగినచో ముందుగా హెచ్చరించునా, లేక ఒక్కసారిగా పోవునా? ఇంజను వేడెక్కినచో ఆవిరి వచ్చును, పొగ వచ్చును. మనము ప్రక్కకు ఆపుకొందుము. స్టీరింగు టై రాడ్డు చివర ఊడినచో చక్రము తన ఇష్టము వచ్చిన వైపు తిరుగును. ఆపుకొనుటకు క్షణము కూడ దొరకదు.

2. బాగుచేసిన పనిని రోడ్డు మీదికి పోకముందే పరీక్షింప వీలగునా? డైనమో బాగుచేసినచో బల్బు వెలిగించి చూడవచ్చును. అతికించిన స్టీరింగు చేయి లోపల ఎట్లున్నదో కంటికి కనబడదు.

3. కొత్త భాగము నిజముగా మంచిదేనా? దీనిని చాలమంది మరచుచున్నారు. పెట్టె కొత్తదైనంత మాత్రమున లోపలి సరకు మంచిదని లేదు.

ఒక్కసారిగా పోవునదియు, పరీక్షకు లొంగనిదియు అయిన భాగమును బాగుచేయరాదు, మార్చవలెను. ముందుగా హెచ్చరించునదియు, పరీక్షకు లొంగునదియు అయినచో నేర్పరి చేత బాగుచేయించుకొనవచ్చును. నా అభిప్రాయమంతయు ఈ రెండు వాక్యములలో ఉన్నది.

అతుకు ఎందుకు నిలువదు?

"మా వెల్డింగు మేస్త్రీ అతికించినచోట ఏనుగు లాగినను ఊడదు" అని మీరు అనవచ్చును. నిజమే, అతుకు ఊడదు. అతుకు ప్రక్కన విరుగును. ఊరి కమ్మరిని అడుగుడు. కొడవలికి పదును పెట్టునప్పుడు ఎంత కాల్చవలెనో, ఎప్పుడు నీటిలో ముంచవలెనో అతనికి తెలియును. ఆ కొడవలి పొయ్యిలో పడి కాలినచో దాని పదును పోవునని కూడ అతనికి తెలియును. స్టీరింగు చేతులు, టై రాడ్లు, ఇరుసు కొసలు కూడ అట్లే కొలిమిలో సాగగొట్టి, లెక్క ప్రకారము కాల్చి చల్లార్చిన ఉక్కుతో చేసినవి. వెల్డింగు మంట తగిలినప్పుడు అతుకు ప్రక్కనున్న ఉక్కు ఒకచోట మెత్తబడును, ఒకచోట గాజు వలె పెళుసగును. పిమ్మట గతుకులలో వేలసార్లు వంగి లేచి, ఆ పెళుసు చోట వెంట్రుక వంటి పగులు పుట్టును. అది రోజు కింత లోపలికి పోయి, ఒకనాడు పూర్తిగా విరుగును. పగులు పెరుగుచున్నన్నాళ్లు బండి బాగుగానే నడచును. అదియే మోసము.

పగులు చూచుటకు పల్లెలో వీలైన పరీక్ష ఒకటి కలదు. భాగమును శుభ్రముగా కడిగి, కిరసనాయిలులో కొంతసేపు నానవేసి, పైన పొడిబట్టతో తుడిచి, మెత్తని చాక్ పొడి చల్లుడు. పగులు ఉన్నచో అందులోని కిరసనాయిలు ఊరి, పొడి మీద తడి గీత కనబడును. గీత కనబడినచో ఆ భాగము పనికిరాదు. కనబడనంత మాత్రమున మంచిదని నిశ్చయింపరాదు. స్టీరింగు భాగముల విషయములో అయస్కాంతముతోగాని రంగు ద్రవముతోగాని చేయు పరీక్షను పెద్ద వర్కుషాపులలో చేయించవలెను.

తప్పక మార్చవలసినవి

1. బ్రేకు రబ్బరు గొట్టములు. పైకి బాగున్నను లోపలి పొర ఉబ్బి దారి మూయును. అప్పుడు త్రొక్కినపుడు బ్రేకు పట్టును గాని, వదలినపుడు విడువదు. ఒక చక్రము కాలిపోవుచున్నచో ముందు గొట్టమును అనుమానింపుడు.

2. తుప్పు పట్టిన బ్రేకు ఇనుప గొట్టములు. ఇత్తడితో అతికించరాదు. గొట్టమును మొత్తము మార్చి, కొసలను సరియైన పనిముట్టుతో విప్పారునట్లు చేయించవలెను.

3. లోపల గుంటలు పడిన వీల్ సిలిండర్లు. నా కథ చెప్పితిని గదా.

4. టై రాడ్డు ఎండ్లు, బాల్ జాయింట్లు. గుండు అరిగినచో వెల్డింగుతో నింపరాదు. నట్టు బిగించినపుడెల్ల కొత్త స్ప్లిట్ పిన్ను వేయవలెను. పాతదానిని సాగదీసి మరల దూర్చుట, దాని బదులు మేకు వేయుట పనికిరాదు.

5. పగిలిన చక్రపు రిమ్ములు. బోల్టు రంధ్రముల చుట్టు తప్పక చూడుడు. గాలి నిండిన టైరు ఉండగా రిమ్మునకు వెల్డింగు చేయుట మహాపాపము. లోపలి వేడికి టైరు బాంబు వలె పేలును.

6. ఏండ్లు గడచిన టైర్లు. టైరు ప్రక్కన నాలుగు అంకెలుండును. 2319 అనినచో 2019వ సంవత్సరపు 23వ వారములో తయారైనదని అర్థము. పూవు మిగిలినను పగుళ్లు వచ్చిన టైరును ముందు చక్రమునకు వేయరాదు.

7. సీటు బెల్టు పట్టీలు. చిరిగినదానిని కుట్టించరాదు. ప్రమాదములో ఒకసారి లాగబడిన పట్టీని మరల వాడరాదు.

8. బ్రేకు ఆయిలు. ఇది గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 3 ఆయిలు కొత్తగా ఉన్నపుడు కనీసము 205 డిగ్రీల వరకు మరగదు. తేమ పీల్చిన తరువాత 140 డిగ్రీల దగ్గరనే మరగవచ్చును. మరగినచో ఆవిరి బుడగలు వచ్చి పెడలు మెత్తబడును. రెండేండ్ల కొకసారి మార్చుడు. ఇంజను ఆయిలుగాని కిరసనాయిలుగాని ఒక్క చుక్క కలిసినను రబ్బర్లన్నియు ఉబ్బి చెడును.

బాగుచేయుటయే మేలైనవి

పాతదానిని పారవేయుటయే భద్రత అనుకొనుట కూడ పొరపాటే. బ్రేకు షూ ఇనుము వంకర పోక, పగులక ఉన్నచో దానికి కొత్త లైనింగు వేయించుట మంచి పద్ధతి. బజారులోని పేరులేని కొత్త షూ కంటె, చేతితో సరిగా రివిట్లు కొట్టిన పాత షూ నమ్మదగినది. రివిట్లు డ్రమ్మునకు తగులకముందే లైనింగు మార్చవలెను. ఆయిలు పీల్చిన లైనింగును పెట్రోలు పోసి కాల్చి మరల వాడు అలవాటు కొందరికి కలదు. అది వలదు, తీసివేయుడు. ఒక ఇరుసు మీది రెండు చక్రములకును ఒకేసారి వేయించుడు. ఒకవైపే వేసినచో బండి ఆ వైపునకు గుంజును.

డ్రమ్మును లేతు మిషను మీద పట్టించుటయు మంచిదే, కాని హద్దున్నది. తయారుచేసినవారు చెప్పిన కొలత దాటి పట్టించినచో డ్రమ్ము పలుచనై వేడికి పగులును. ఎంత పట్టినారో కొలిపించి వ్రాయించుకొనుడు. మాస్టరు సిలిండరు దొరకనిచో తెలిసినవారి చేత లోపల ఇత్తడి లేక తుప్పు పట్టని ఉక్కు గొట్టము దిగవేయించవచ్చును. కేవలము రుద్ది వదలుట పనికిరాదు. కమాను పట్టీలలో తల్లి పట్టీ విరిగినచో మార్చుడు. వంపు తగ్గినచో కమాను పని తెలిసినవానిచేత సరిచేయించుడు.

ఈ పనులకు హైదరాబాదు కొదువ కాదు. 1943లో స్థాపించిన ప్రాగా టూల్స్, 1968 నుండి బాలానగరులో ఉన్న కేంద్ర టూల్ డిజైన్ సంస్థ, ఇంకను ఇట్టి సంస్థల వలన ఈ నగరములో కొలత తెలిసిన పనివారు తయారైరి. కొలత చూపి పనిచేయువానిని వెదకుడు. "కండ్లతోనే చెప్తా సార్" అనువానికి దండము పెట్టి వచ్చుడు.

ఇంకొక హెచ్చరిక. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. డ్రమ్ము విప్పి నోటితోగాని గాలి గొట్టముతోగాని దుమ్ము ఊదరాదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషము. తడి బట్టతో తుడిచి ఆ బట్టను మూటగట్టి పారవేయుడు. మెకానిక్కు దగ్గరి చిన్నపిల్లవాని చేత ఈ పని చేయింపకుడు.

కొత్తది కొనునప్పుడు

అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినది. అనేక పాత ట్రాక్టర్ల రకములు కూడ నేడు తయారగుట లేదు. కావున రాణీగంజు అంగళ్లలో మీకు మూడు విధముల సరకు కనబడును. పేరున్న కంపెనీ భాగము, పేరు లేని భాగము, పేరు దొంగిలించిన భాగము. కల్తీ విత్తనమును కనిపెట్టు కన్నుతోనే వీనిని చూడుడు. పెట్టె మీద అచ్చు తప్పులు, భాగము మీద లోతులేని ముద్ర, గరుకు అంచులు, మరీ తక్కువ ధర అనునవి అనుమానింపదగిన గురుతులు. పాత భాగమును వెంట తీసికొనిపోయి ప్రక్కప్రక్కన పెట్టి కొలిపించుడు. బిల్లు తప్పక అడుగుడు. బిల్లు ఇయ్యనివాడు రేపు మాట కూడ ఇయ్యడు.

"నలభై ఏండ్ల నాటి అసలు సరకు, పెట్టె కూడ విప్పలేదు" అని ఆశ చూపువారు కలరు. ఇనుప భాగమైనచో చూడవచ్చును. రబ్బరు భాగమైనచో వలదు. అది గడువు తీరిన విత్తనము వంటిది. సంచి కుట్టు విప్పనంత మాత్రమున మొలక శాతము నిలువదు గదా!

ట్రాక్టరు, ట్యాంకు

ఇపుడు మన ట్రాక్టరు సంగతి. 5,000 లీటర్ల ట్యాంకులో నీరే 5 టన్నులు. ట్యాంకు ఇనుము అదనము. మన ట్రాలీలలో చాలవాటికి స్వంత బ్రేకులు లేవు. ఆ బరువంతయు ట్రాక్టరు వెనుక చక్రముల బ్రేకు మీదనే పడును, ఆ బరువంతయు ఒక్క హిచ్ పిన్ను పట్టుకొని వచ్చును. ఆ పిన్ను స్థానములో స్లాబు కడ్డీ ముక్క దూర్చి కొండాపూరు వీథులలో తిరుగుచున్న బండ్లను నా కన్నులతో చూచితిని. పిన్ను తెగినచో ట్యాంకు ఎవరి ఇంటి గోడ మీదికి పోవునో, ఏ బడి పిల్లల మీదికి పోవునో ఊహింపుడు. కంపెనీ పిన్ను, దానికి లింకు పిన్ను, ఆ పైన ఒక గట్టి గొలుసు: ఈ మూడును ఉండవలెను.

పొలములో మలుపు తిరుగుటకు ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను విడివిడిగా త్రొక్కుదురు. రోడ్డెక్కిన వెంటనే ఆ రెండింటిని కలుపు పట్టీని వేయవలెను. పాత ట్రాక్టర్లలో ఈ పట్టీ ఎన్నడో ఊడిపోయి ఉండును. వేగములో ఒక్క పెడలే పడినచో ట్రాక్టరు గిరుక్కున తిరిగి బోల్తా పడును. ఆ చిన్న పట్టీ ఖరీదు ఎంత? ఒక పూట డీజిలు ఖరీదు కూడ కాదు.

వేగమును గూర్చి ఒక లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగములో బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా పోవును. వేగము 30 నుండి 60కి రెట్టింపైనచో, ఆపవలసిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలగును. మీ నాన్నగారి బ్రేకు ఆనాటి రోడ్డునకు చాలియుండవచ్చును. ఈనాటి రోడ్డునకు చాలునని అనుకొనరాదు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1988 మోటారు వాహనముల చట్టము 190వ సెక్షను ప్రకారము, లోపము ఉన్నదని తెలిసియు, లేక మామూలు జాగ్రత్తతో తెలిసికొనగలిగియు, బహిరంగ స్థలములో బండి నడుపుట, నడుపనిచ్చుట శిక్షార్హము. ట్రాలీకి కూడ ఇది వర్తించును. "నాకు తెలియదు" అనుట సమాధానము కాదు. చూచుకొని ఉంటే తెలియునా అనునదే ప్రశ్న.

50 ఏండ్లు దాటిన సొంత కార్లకు, మోటారు సైకిళ్లకు 2021 జూలైలో కేంద్ర నియమములలో "వింటేజ్" అను ప్రత్యేక తరగతి ఏర్పరచినారు. వానిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలునకు తీసికొనిపోవచ్చును గాని, రోజువారీ పనులకు, కిరాయికి నడుపరాదు. బండి అసలు రూపములోనే ఉండవలెనని ఆ నియమము. దీనిని చూపి కొందరు "పాత బ్రేకు గొట్టమును మార్చరాదట" అనుచున్నారు. ఆ నియమము ముఖ్య మార్పులని చెప్పినది చాసిస్సును, బాడీని, ఇంజనును గూర్చి. అరిగిన రబ్బరు గొట్టము తీసి కొత్తది వేసినచో బండి రూపము మారదు.

బ్రిటనులో 40 ఏండ్లు దాటిన బండ్లకు, పెద్ద మార్పులు చేయనిచో, 2018 మే నుండి ఏటేటి పరీక్ష అవసరము లేదు. ఐనను బండి రోడ్డునకు తగినట్లు ఉంచు బాధ్యత యజమానిదేనని అక్కడి చట్టము. పరీక్షకుని కన్ను తప్పినంత మాత్రమున యజమాని కన్ను మూసికొనరాదు. మన అంబాసిడరునకు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు ఆ దేశపుదే.

"జ్ఞాపకము పోవును గదా!"

ఇది నా మనసులోని మాటయే గనుక దీనికి సమాధానము చెప్పవలెను. చౌమహల్లా ప్యాలెసులో నిజాము ప్రభువుల 1912 నాటి పసుపు పచ్చ రోల్స్ రాయిస్ కారు కలదు. అది నిలిచి ఉండుటకే ఉన్నది. దాని ప్రతి మరయు నాటిదే కావలెనని కోరుట న్యాయము. మీ కారు, మీ ట్రాక్టరు నడచుటకు ఉన్నవి. నడచుటకు ఉన్నవానికి ఆగుట మొదటి ధర్మము.

మా కారునకు నాలుగు వీల్ సిలిండర్లు, గొట్టములన్నియు, టై రాడ్డు ఎండ్లు కొత్తవి వేయించితిని. షూలు మాత్రము పాతవే, లైనింగు కొత్తది. నాన్నగారు పట్టుకొనిన స్టీరింగు చక్రము, ఆయన కూర్చుండిన సీటు, ఆయన బొమ్మ అంటించిన డాష్ బోర్డు అట్లే ఉన్నవి. తీసివేసిన సిలిండర్లను ఒక పెట్టెలో వేసి అటక మీద పెట్టితిని. జ్ఞాపకమునకు అది చాలును. మా అమ్మగారు మరల ఆ కారెక్కినప్పుడు నేను చెప్పకముందే, "బ్రేకులు చూసినవా బిడ్డా?" అని అడిగినది. ఆనాడు ఆమె ఒక్క మాట కూడ అనలేదు. అనకపోవుటయే నాకు ఎక్కువ తగిలినది.

ఇక ఖర్చు. "చేతిలో పైక మెక్కడిది?" అని అడుగువారు న్యాయముగానే అడుగుచున్నారు. అన్నియు ఒక్కసారి చేయనక్కరలేదు. మొదట ఆయిలు, గొట్టములు, సిలిండర్లు. తరువాత స్టీరింగు కీళ్లు. పిమ్మట టైర్లు. రంగు, సీట్లు, హారను చివరను. మనలో చాలమంది ఈ వరుసను తలక్రిందులు చేయుచున్నాము. రంగునకు వేలు, బ్రేకునకు వందలు!

గ్రామాధికారులకు మనవి

మృగశిర కార్తెకు ముందు ఒకసారి, సంక్రాంతికి ముందు ఒకసారి, ఊరిలోని ట్రాక్టర్లను, ట్రాలీలను రైతు వేదిక దగ్గరకు రప్పించి, తెలిసిన మెకానిక్కు చేత చూపించుడు. ఐదు సంగతులు చూచిన చాలును.

1. పెడలును గట్టిగా ఒక నిమిషము త్రొక్కి పట్టినచో దిగుచున్నదా?

2. పెడళ్ల పట్టీ ఉన్నదా, పడుచున్నదా?

3. స్టీరింగు కీళ్లలో ఆట ఉన్నదా? స్ప్లిట్ పిన్నులు ఉన్నవా?

4. హిచ్ పిన్ను, గొలుసు సరియైనవేనా?

5. ట్రాలీ వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు రాత్రి కనబడునా?

జరిమానా వేయుటకు కాదు, చూచి చెప్పుటకే ఈ పని. మన యువకులు కొందరు ఈ పనిని శాస్త్రీయముగా నేర్చుకొనదలచినచో, 1955 నుండి మధ్యప్రదేశులోని బుద్నీలోను, 1983 నుండి అనంతపురము జిల్లా గార్లదిన్నెలోను కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్ర శిక్షణ సంస్థలు కలవు. ఊరికి ఒక్కడు నేర్చుకొని వచ్చినను ఊరంతటికి మేలు.

రైతు సోదరులారా! అతుకు వేసికొని బ్రతుకుట మన సంస్కృతిలో సిగ్గుపడవలసిన సంగతి కాదు. బొంతకు అతుకు వేయుడు. సంచికి వేయుడు, బండి రేకునకు కూడ వేయుడు. తెగినచో చలి మాత్రమే పెట్టునది ఎన్ని అతుకులైన వేసికొనవచ్చును. తెగినచో ప్రాణము పోవుదానికి మాత్రము అతుకు వేయకుడు. ఆ ప్రాణము మీది కాక పోవచ్చును. మీ ముందు సిగ్నలు దగ్గర వెనుకకు చూడక నిలిచియున్న ఏ తల్లి బిడ్డదో కావచ్చును.